సముద్రానిది సముద్రానికి ఇచ్చేసిన మా బాబాయ్

కరీబియన్ సముద్రంలో పగడపు దిబ్బల్ని కాపాడే వాలంటీర్ల వీడియోలు చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. ఎక్కణ్ణుంచో వచ్చి అక్కడి చిన్న చేపలన్నిటినీ మింగేస్తున్న లయన్‌ఫిష్‌ని ఈటెలతో వేటాడే అమ్మాయిలు, జబ్బు చేసిన పగడాలకి పుండుకి మందు రాసినట్టు పేస్టు పూసే అబ్బాయిలు. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్‌లో బాబాయ్ వాళ్లింటి పై గదిలో కూర్చుని టికెట్ ధర చూశాను. ల్యాప్‌టాప్ మూసేశాను. తగ్గిందేమోనని మళ్లీ తెరిచాను. ఆఫీసులో నా పక్క సీటు కివీ అమ్మాయికి, అంటే ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకి, ఈ గోల చెబితే నవ్వింది. "అంత దూరం దేనికి? మూడు గంటలు డ్రైవ్ చేస్తే ఇక్కడే ఉంది ఆ యుద్ధం" అంది. ఇక్కడి శత్రువు చేప కాదు, నాచు. కాలర్పా అనే పచ్చటి సముద్రపు నాచు పరాయి సముద్రాల నుంచి వచ్చి న్యూజిలాండ్ ఉత్తర తీరంలో అడుగు నేలని కప్పేస్తోందట. బే ఆఫ్ ఐలాండ్స్ వైపు ఓ వాలంటీర్ల బృందం శనివారాల్లో అక్కడి బేలన్నీ, అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన వంపులన్నీ, వెతుకుతోందని తెలిసి, స్నార్కెల్ వేసుకుని ఈదడం వచ్చు కాబట్టి పేరిచ్చేశాను.

"నేనూ వస్తా" అన్నాడు ప్రసాద్ బాబాయ్. "ఆ ఏరియా నాకు అరచేతిలో గీతే. క్రిస్మస్ సెలవుల్లో మన టిన్నీ తీసుకెళ్లానుగా. పైగా నీ డ్రైవింగ్ మీద నాకు నమ్మకం లేదు." టిన్నీ అంటే చిన్న అల్యూమినియం పడవకి ఇక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. కాకినాడలో పుట్టి ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్‌లో సెటిలైన మా బాబాయ్‌కి అది రెండో కూతురు. పిన్ని పులిహోర డబ్బాతో పాటు ముడేసిన కవరు ఒకటి నా చేతికిచ్చింది. వారం రోజుల పూజ పూలు. "చెత్తబుట్టలో పడెయ్యబుద్ధి కాలేదే. ఎవరూ తొక్కని చోట, నీళ్లలో కలిపెయ్యండి" అంది. కవరు కారు వెనక సీట్లో పెట్టాను.

తెల్లవారకముందే బయల్దేరితే మంచిది. ఆల్బనీ దగ్గర హైవే ఎక్కాక టోల్ రోడ్డు వస్తుంది, డబ్బులు ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు. ఫాంగరే దాటాక ఓ బేకరీలో పై అనే, కూర నింపిన పఫ్ తిని, కాఫీ తాగి, ఓపువా చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కణ్ణుంచి కార్లు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది. ముందు బుక్ చేసుకోనక్కర్లేదు, వరసలో నిలబడితే చాలు. అటు దిగితే రసెల్ పది నిమిషాలు. ఫెర్రీ మీద టికెట్లు చూసే ఆయన మా ఫిన్స్, మాస్కులు చూసి "చేపలకా?" అని అడిగాడు. బాబాయ్ ఛాతీ విరుచుకుని, "నో నో, ఇవాళ మేం పోలీసులం. దొంగని పట్టడానికి వెళ్తున్నాం" అన్నాడు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు సాయంత్రం దాకా చెవిలో మోగుతూనే ఉంటుందని అప్పటికి తెలీదు.

పడవ దింపే ర్యాంప్ దగ్గర మెరె ఆంటీ మా కోసం కాచుకుని ఉంది. బృందానికి పెద్ద ఆవిడే. మావోరీ, అరవై దాటి ఉంటాయి, తడి జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. మేడమ్ అనబోతే, "ఆంటీ అను. ఇక్కడ పెద్దవాళ్లందరూ ఆంటీలే" అంది. "మాకూ అంతే ఆంటీ" అన్నాను, ఊరు వచ్చినట్టు అనిపించి. వేయించిన రొట్టె పొట్లం విప్పింది, మేం పులిహోర విప్పాం. పోపులో మిరపకాయ కొరికి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "సముద్రంలో నాచుని దీంతో చంపొచ్చు" అంది.

తినడం అయ్యాక గట్టిగా మూత బిగించిన గాజు సీసా ఒకటి తీసి చేతులు మార్పించింది. లోపల కాలర్పా. నేనేదో జిగురు కంపు కొట్టే రాక్షసిని ఊహించుకున్నాను. ఎంత అందంగా ఉందో! సన్నటి తీగ, తీగ పొడుగునా పిట్ట ఈకల్లాంటి లేతాకుపచ్చ ఆకులు. "వేలి గోరంత ముక్క తెగి పడినా చాలు, అక్కడ మళ్లీ మొలుస్తుంది" అంది ఆంటీ. "లంగరుకి చుట్టుకుని ప్రయాణం చేస్తుంది. కనిపిస్తే పీకకండి, పీకితే ముక్కలవుతుంది. గుర్తు పెట్టి, ఫోటో తీసి, నాకు చెప్పండి." సీసా బాబాయ్ చేతికి వెళ్లింది. గాజుకి ముక్కు ఆనించి చూశాడు. మళ్లీ చూశాడు. పొద్దుట్నుంచీ కామెంటరీ ఆపని మనిషి, సీసా నాకిచ్చేసి నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. కారు ప్రయాణం పడలేదేమో అనుకున్నాను.

ఆంటీ పడవలో మొదట వెళ్లింది ఇప్పటికే నాచు పట్టిపోయిన బేకి. ఆ బేల పేర్లు రాయొద్దని ఆంటీ అడిగింది, అందుకే రాయడం లేదు. అక్కడిప్పుడు లంగరు వేయకూడదు కాబట్టి పడవ నడుపుతూనే నన్ను దింపింది. మాస్కు నీళ్లలో ముంచి చూశాను. కిందంతా పచ్చ. కార్పెట్ షాపువాళ్లు వచ్చి గోడ నుంచి గోడకి పరిచి వెళ్లినట్టు, ఇసక లేదు, రాయి లేదు, ఒక్క సందు లేదు. చిన్న చేపపిల్లయినా తిరగడం లేదు. తెరిచిన నోళ్లతో గుల్లలు కొన్ని సగం దాకా పూడుకుపోయి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. అంత పచ్చదనాన్ని చూసి భయపడటం నాకదే మొదటిసారి. పైకొచ్చి స్నార్కెల్ ఊసేసి, "ఆంటీ, ఇదంతానా?" అన్నాను. "ఇది అంచు" అంది ఆవిడ.

పడవెక్కాక ఆవిడ నన్ను ఎయిర్‌పోర్టులో కంటే ఘోరంగా తనిఖీ చేసింది. ఫిన్ పట్టీలు, జేబులు, జడ. జడ విప్పమంటే విప్పాను. మోకాలి దగ్గర వెట్‌సూట్ మడతలోంచి, చింతాకంత పచ్చముక్కని రెండు వేళ్లతో పైకి లాగింది. నేను నీళ్లలో ఉన్నది పావుగంట, కింద నేలని తాకనైనా లేదు. ఆ ముక్కని కవర్లో వేసి, ముడేసి, "ఒడ్డు మీద చెత్తబుట్టలోకి. నీళ్లలోకి మాత్రం ఎప్పటికీ కాదు" అంది. బాబాయ్ ఆ కవరునే చూస్తున్నాడు.

రెండో బే ఆవిడ ప్రాణం. దారి పొడుగునా దాని గురించే చెప్పింది. వాళ్ల పిల్లలందరూ మునిగి ఈదడం నేర్చుకునేది అక్కడే. వాళ్ల ఊరి జనం కూడుకునే మరాయ్‌లో పెళ్లయినా చావయినా భోజనాలకి గుల్లలూ చేపలూ ఆ బేవే. ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది. "ఇక్కడికి కూడా వచ్చిందంటే, లంగరూ వేటా లేకుండా దీన్నీ మూసేస్తారు. మా మనవళ్లకి నేనేం చెప్పాలి?" అంది. నేను నీళ్లలోకి దిగబోతుంటే బాబాయ్ నా భుజం పట్టుకున్నాడు. తెలుగులో, పెదాలు కదలకుండా అన్నట్టు అన్నాడు: "హారికా, ఆ కోడిపుంజు తలలా ఉందే, ఆ రాయి పక్కన చూడవే. ఎడమ వైపు."

"నీకెలా తెలుసు?"

"చూడమ్మా ముందు."

చూశాను. రెండు నిలువుల లోతు. తెల్లటి ఇసక, రాయి నీడ, ఆ నీడలో పచ్చగా, అరిటాకు పరిచినట్టు, అంతే మేర. చుట్టూ చేపలు ఇంకా తిరుగుతున్నాయి. నా చేతులు పీకెయ్యమని లాగుతున్నాయి. పీకలేదు. గుర్తు కోసం ఇచ్చిన, బెండు కట్టిన తాడు ఆ పక్క రాయికి కట్టి, ఫోటో తీసి పైకొచ్చి, చెయ్యెత్తాను. ఆంటీ మొహం చూడలేకపోయాను. ఆవిడ ఇంజన్ ఆపేసింది. ఇది ఇక్కడికెలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా: వెతకడానికి వచ్చాం, దొరికింది, అంతే. ఇందులో బాబాయ్ చెయ్యి ఉందని నాకర్థమైంది, కానీ ఆయన నోరు మెదపకపోతే ఈ లోకంలో ఇంకెవరికీ తెలిసేది కాదు. "బాబాయ్, ఊరుకో" అన్నాను తెలుగులో. సిగ్గుపడుతూనే అన్నాను.

"ఊరుకుంటే ఈవిడ ఒక్కచోటే వెతుకుతుందే" అని, ఆంటీ వైపు తిరిగి తన మీటింగుల ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. సెలవుల్లో మొదటి బేలో లంగరు లాగితే ఓ మోపు పచ్చనాచు వచ్చిందట. అప్పటికి ఆ బే మూయలేదు. కాకినాడలో చిన్నప్పుడు చూసిన పద్ధతిలో, ఆ తడినాచు బకెట్లో పరిచి, పట్టిన చేపల్ని చల్లగా ఉంటాయని అందులో కప్పాడు. భోజనానికి ఈ రెండో బేలో ఆగి, ఆ రాయి పక్కనే చేపలు శుభ్రం చేశాడు. మిగిలిన నాచుని చెత్తలో వేయడానికి మనసొప్పలేదు. "మా ఇంట్లో దేవుడి పూలు చెత్తలో వేయం. నీళ్లలో కలుపుతాం. సముద్రానిది సముద్రానికే ఇచ్చెయ్యాలని... చేతులు జోడించి మరీ వేశాను." అక్కడ ఆయన ఇంగ్లీషు అయిపోయింది. చేతులు జోడించి చూపించాడు.

ఆంటీ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆవిడ మెల్లగా అంది: "మేమూ ఇస్తాం. పట్టిన మొదటి చేపని తంగరోవాకి, సముద్ర దేవుడికి, తిరిగి ఇచ్చేస్తాం. కానీ ఎక్కడ పట్టామో అక్కడే." ఆగి, కళ్లు తుడుచుకోకుండానే మ్యాపు తీసి ఆయన ఒళ్లో పరిచింది. "ఇంకెక్కడెక్కడ ఇచ్చావు?"

బాబాయ్ వేలు మ్యాపు మీద దక్షిణానికి జారింది. జారుతూ జారుతూ వచ్చి మా ఇంటి దగ్గర ఆగింది. హాబ్సన్‌విల్ ర్యాంప్. బకెట్ కడిగింది అక్కడేనట. రోజూ సాయంత్రం నేను నడిచే చోటు అది.

సాయంత్రం ఒడ్డుకి చేరాక ఆంటీ అధికారులకి ఫోన్ చేసి, ఫోన్ బాబాయ్‌కే ఇచ్చింది. ఆయనే రెండు చోట్లూ చెప్పాడు. అరిటాకంత ఉన్నప్పుడే కనిపించింది కాబట్టి డైవర్లు తీయగలరేమో అంది ఆంటీ. తీస్తారని అనలేదు, తీయగలరేమో అంది. ఆ బే ప్రస్తుతానికి మూసేశారు. వచ్చేటప్పుడు బాబాయ్‌తో, "వచ్చే శనివారం వస్తున్నావు. ఆ తర్వాతది కూడా" అంది. అది పిలుపు కాదు, తీర్పు. ఫెర్రీ మీద పొద్దుటి ఆయనే, "దొంగ దొరికాడా?" అన్నాడు నవ్వుతూ. బాబాయ్ నవ్వకుండా "దొరికాడు" అన్నాడు.

మర్నాడు పాటుకి నీళ్లు వెనక్కి తగ్గిన సమయానికి ఇద్దరం హాబ్సన్‌విల్ ర్యాంప్ దగ్గర బురదలో తిరిగాం. ఏమీ కనిపించలేదు. కనిపించలేదంటే లేదని కాదు, అందుకే అక్కడా చూస్తామన్నారు అధికారులు. ఇంటికొచ్చాక బాబాయ్ కారులోంచి పూల కవరు తీశాడు. పిన్ని ప్రాణంగా పెంచుకునే కరివేపాకు కుండీలో మట్టి తవ్వి ఆ పూలు పూడ్చాడు. "అదేంటండీ, ఎవరూ తొక్కని చోట వెయ్యమన్నాను కదా!" అని పిన్ని పరుగెత్తుకొచ్చింది. "కుండీని ఎవరు తొక్కుతారే?" అన్నాడు, వంచిన తల ఎత్తకుండా. నేను కరీబియన్ దాకా వెళ్లి శత్రువుని చూద్దామనుకున్నాను. వాడు ఈటెలకి లొంగే చేప రూపంలో ఉంటాడనుకున్నాను. మా ఇంటి గ్యారేజీలో, కడిగి బోర్లించిన నీలం బకెట్లో, చేతులు జోడించిన భక్తిలో ఉంటాడని ఊహించలేదు. ఈ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. లంగరుకో, వలకో, బట్టలకో పచ్చనాచు తగిలి వస్తే ఎంత అందంగా ఉన్నా, ఎంత పాపమనిపించినా నీళ్లలోకి తిరిగి వెయ్యకండి. కవర్లో వేసి ముడేసి, ఎక్కడ తగిలిందో ఫోటోతో సహా అధికారులకి చెప్పి, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. దండం పెట్టుకోవాలనిపిస్తే ఒడ్డున నిలబడి ఉత్త చేతులతో పెట్టుకోండి.