ఆరాం ఇల్ల

నా నోటి దురద వల్ల మా బాపుకూ, ఆయన ప్రాణస్నేహితుడు గురప్ప కాకకూ మధ్య ఉన్న చిన్ననాటి దోస్తీ ఒక్క పూటలో మంటగలిసేది. నవ్వొస్తే మొహమాటపడకండి. అందులో వెధవను నేనే.

జహీరాబాద్‌లో మా కొత్త ఇంటి గృహప్రవేశం. కాక వస్తే గానీ కొబ్బరికాయ కొట్టనని బాపు పట్టు. ముహూర్తం దాటిపోతోందని పంతులు గోల. నేను కాక ఊరు న్యాల్‌కల్‌కు ఫోన్ కొట్టాను. ఎత్తింది కాక భార్య, మా చిన్నమ్మ. ఆమెది బీదర్ దిక్కు. కంగారు పడితే కన్నడమే వస్తుంది.

"చిన్నమ్మా, కాక బయల్దేరిండా?"

"ఆరాం ఇల్లప్పా!"

అంటే ఒంట్లో బాగాలేదని. ఇటు డప్పుల మోతలో నా దివ్యమైన చెవులకు 'ఆరాం, ఇండ్ల' అని వినపడింది.

"బాపూ, కాక ఇండ్ల ఆరాంగ ఉన్నడట."

"ఎవరు, గురప్పనా?"

"మరి! పెద్దమనిషి గదా, మనమే పోయి ఎత్తుకరావాలె."

ఆ చివరి మాట నన్నెవరూ అడగలేదు. అడగని మాటలే ఆ రోజుల్లో నా దగ్గర దండిగా ఉండేవి. బాపు ముఖం మాడిపోయింది. కొబ్బరికాయ కొట్టి, "ఇగ ఆని ముచ్చట నా ముంగట తియ్యకు" అన్నాడు. అన్నం కూడా ముట్టలేదు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కాకను కడిగేద్దామని బండి తీశాను. దారి పొడవునా డైలాగులు నూరుకుంటూ వెళ్లి, వాకిట్లోంచే వెటకారంగా అరిచాను.

"ఏం కాకా, ఆరాం అయిందా?"

లోపల కాక రగ్గు కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. నా వెటకారం ఆయనకు పరామర్శలా వినపడింది.

"ఏడ అయింది బిడ్డా! చలిజరం ఇడుస్తలేదు" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంట్ల పండుగ ఇడిసిపెట్టి నాకోసం ఉరికొచ్చినవా!"

చిన్నమ్మ కళ్లు తుడుచుకుంది. నేను డైలాగులన్నీ మింగేసి, సిగ్గు లేకుండా "అవు కాకా" అన్నాను. బయటికొచ్చి బాపుకు ఫోన్ చేశాను.

"కాకకు జరమట."

"ఆరాంగ ఉన్నడంటివి?"

"జర తప్పు వినవడ్డది."

"నీ చెవులల్ల మన్నువడ!"

బాపు చుట్టాలను వదిలేసి ఆటోలో వచ్చాడు. మంచం మీద కూర్చుని కాక నుదుటి మీద చెయ్యేసి, "నిన్ను ఏమేమో అనుకున్న గురప్పా" అని ఏడ్చేశాడు. కాక నన్ను చూపించి మురిసిపోయాడు.

"ఏమన్న గానీ, నీ కొడుకుకు కన్నడ మస్తొస్తది! మా ఇంటామె ఒక్క మాటంటే సమజైంది!"

బాపు నా వైపు చూసిన చూపుకు నాకూ చలిజ్వరం వచ్చినంత పనైంది.

కాక ఇప్పుడు లేడు. చాలా గుర్తొస్తాడు. పోయేదాకా బీదర్ చుట్టాలు ఎవరొచ్చినా మాట్లాడమని నన్నే పిలిచి కూర్చోబెట్టేవాడు. నేను గంగిరెద్దులా తలూపేవాణ్ణి.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరైనా ఆరాం అన్న మాట ఎత్తితే, ముందు థర్మామీటరు పట్టుకుని వెళ్తాను. నోరు ఆ తర్వాతే తెరుస్తాను.