ముందు గేటు దగ్గరే చచ్చే సైన్యం

బిస్కెట్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతన్ని తోటివాళ్లు 'కోట బావ' అంటారు. ఇంట్లో పాత కంప్యూటర్‌లో కోటల యుద్ధం ఆట తప్ప మరో వ్యసనం లేదు. ఆటలో కోట లోపల ఉండేది బావ, బయటి నుంచి ముట్టడించేది కంప్యూటర్. పదేళ్లుగా దాన్ని తిడుతూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం ధర్నా నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా ఆట ముందు కూర్చున్నాడు. సమ్మెకు అది పందొమ్మిదో రోజు. పది గంటలు నిలబడి ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు స్టూళ్లు అడిగారని పదకొండు మందిని తీసేశారు. అందులో బావ చెల్లెలు ఒకతె. వాళ్లను తిరిగి తీసుకునేదాకా పని ముట్టమని మిగతావాళ్లంతా బయటికొచ్చారు.

"థూ, వీడి మొహం మండ! చూడవే చెల్లీ, మళ్లీ తిన్నగా తలుపు మీదికే వస్తున్నాడు."

తెర మీద శత్రుసైనికులు పదేసి మంది వస్తున్నారు. పైనుంచి మరిగే నూనె పడుతోంది. చచ్చినవాళ్లను తొక్కుకుంటూ మరో పదిమంది. నిచ్చెనలు మోసేవాళ్లంతా పోయాక రాళ్లు విసిరే యంత్రం తీరిగ్గా వచ్చింది. కోట వెనక గోడను బావే కావాలని కూల్చి ఉంచాడు. ఏనుగు దూరేంత సందు. అటు కన్నెత్తి చూసినవాడు లేడు. అందులోంచే బావ ధాన్యం బళ్లు దర్జాగా తిరుగుతున్నాయి.

"దున్నపోతులు! తలుపు కనబడితే చాలు, తల బాదుకోవడమే. ఇలాంటి వాళ్ల మీద గెలిచినా రోతే."

బట్టలు మడతపెడుతున్న చెల్లెలు తలెత్తలేదు. "మరి మనం చేస్తున్నదేంటన్నయ్యా?"

"ఏం చేస్తున్నాం?"

"మనం ముందు గేటు దగ్గర గొంతులు చించుకుంటున్నాం. వెనక గేటు నుంచి గోదాములో సరుకు రోజూ నాలుగు లారీల్లో పోతోంది. బట్టలారేసేటప్పుడు డాబా మీంచి చూస్తూనే ఉన్నా."

"మరి చెప్పవేమే?"

"చెప్పాను. అటు నీడ లేదు, ఫొటోలవాళ్లు రారు అన్నాడు మీ యూనియన్ అధ్యక్షుడు. నువ్వూ తలూపావు."

తెర మీద మరో పదిమంది నూనెలో మాడారు. ఈసారి బావ తిట్టలేదు. కంప్యూటర్‌ది ఎవరో రాసిపెట్టిన బుద్ధి, దానికి సిగ్గుండదు. సొంత బుర్ర ఉన్నవాళ్లు నీడ కోసం, ఫొటో కోసం పదకొండు మంది కూటిని గేటు దగ్గర పారబోస్తుంటే వాళ్లనేమనాలి?

మర్నాడు పొద్దున్నే బావ ధర్నా టార్పాలిన్ విప్పుతుంటే అధ్యక్షుడు అడ్డొచ్చాడు. "ఎక్కడికయ్యా? పదిన్నరకి విలేకర్లొస్తారు!"

"ఫొటోకి మీరుండండి. మేం వెనక్కి పోతున్నాం."

"ఎండకి మాడి చస్తారు."

"నూనెకంటే నయమే" అన్నాడు బావ. చెల్లెలొక్కతే నవ్వింది.

పదకొండు మందీ వెనక గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. మొదటి లారీ హారన్ కొట్టి కొట్టి ఆగిపోయింది. దాని వెనక రెండోది. నాలుగూ ఆగేసరికి, ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా మొహం చూపించని మేనేజరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ కూర్చున్నారేంటమ్మా?"

"లోపల కూర్చోనివ్వలేదుగా సార్" అంది చెల్లెలు.

సాయంత్రం అతను కాగితం తెచ్చి పదకొండు పేర్లూ, కింద స్టూళ్ల సంగతీ చదివి వినిపించేదాకా ఒక్కరూ లేవలేదు.