నలుగురిలో ఒకరు అనే లెక్క

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను మార్కాపురం పంపారు. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ లూపస్ జబ్బు మీద చేస్తున్న అధ్యయనంలో నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. హోదాల వరుసలో అందరికన్నా పైన ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే అధ్యయనానికంతటికీ జవాబుదారీ అయిన పెద్ద డాక్టరమ్మ. ఆమె కింద రీసెర్చ్ అసోసియేట్, ఆ కింద నేను. నా పని రెండు రకాలు. రోగి ఇంట్లో అందరి రక్తం తీసి చెడిపోకుండా ల్యాబుకు చేర్చడం ఒకటి, ఆ కుటుంబం మూడు తరాల వంశవృక్షం గీయడం రెండోది. నేను చదివింది ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా. సంభావ్యత లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు తెచ్చుకుని, ఒక్కో లెక్కనూ మళ్ళీ మళ్ళీ చేసి పట్టుకున్నాను. వంశవృక్షం పని నాకు అప్పగించడానికి అదే కారణం.

లూపస్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ దారి తప్పి సొంత ఒంటి మీదికే రావడం ఈ జబ్బు. చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు, మెదడు, దేన్నీ వదలదు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకు వస్తుంది. చాలామందిలో దీనికి ఒక్క జన్యువు కారణం కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం నెడతాయి. కానీ చిన్నపిల్లలకు వచ్చినప్పుడు, అందులోనూ తల్లిదండ్రులు రక్తసంబంధీకులైనప్పుడు, ఒకే ఒక్క జన్యువు చెడి ఉండవచ్చు. మేము వెతుకుతున్నది అలాంటి కుటుంబాలనే.

యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో గొర్రెలు మేపే కుటుంబం దొరికింది. పేర్లు మార్చి రాస్తున్నాను. తండ్రి గురవయ్య, తల్లి లక్ష్మమ్మ. లక్ష్మమ్మ గురవయ్యకు సొంత అక్క కూతురు. ఆ అక్క సుబ్బమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. నలుగురు పిల్లల్లో పెద్దవాళ్ళిద్దరూ మగపిల్లలు, మూడోది శ్రావణి, నాలుగోది బడికి ఇంకా వెళ్ళని అంజలి. శ్రావణికి ఐదారేళ్ళప్పుడే ముఖం మీద ఎర్రని మచ్చలు మొదలయ్యాయి. తర్వాత నోటిపూత, విడవని జ్వరాలు, ఒకసారి ఫిట్స్.

శ్రావణి రక్తానికి సిహెచ్ ఫిఫ్టీ అనే పరీక్ష చేయించాం. రక్తంలో కాంప్లిమెంట్ అని కొన్ని ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతూ గొలుసులా పనిచేస్తాయి. ఆ గొలుసు మొత్తం పనిచేస్తోందా లేదా అన్నది ఈ పరీక్ష చెబుతుంది. ఫలితం సున్నా వచ్చింది. ల్యాబువాళ్ళు నమ్మలేదు. ఈ ప్రోటీన్లు వేడికి ఆగవు. రక్తం పంపే మంచు పెట్టె కాస్త వేడెక్కినా ఫలితం సున్నాయే వస్తుంది. ఆ తాలూకాల్లో మే నెల ఎండకు అలా జరగడం వింతేమీ కాదు.

రెండోసారి తల్లిదండ్రుల రక్తం కూడా తీసి, మూడు గొట్టాలనూ ఒకే పెట్టెలో, ఒకే మంచులో పంపమని డాక్టరమ్మ చెప్పారు. పెట్టె వేడెక్కి ఉంటే మూడూ చెడాలి. తల్లిదండ్రులవి బాగానే వచ్చాయి. శ్రావణిది మళ్ళీ సున్నా. జన్యు పరీక్షలో సంగతి బయటపడింది. ఆ గొలుసులో మొదటి లంకె అయిన సి1క్యూ అనే ప్రోటీను ఆమె ఒంట్లో తయారు కావడం లేదు. చచ్చిన కణాల చెత్తను ఎత్తివేయించే పని దానిది. చెత్త పేరుకుంటే ఒళ్ళు దాన్నే శత్రువనుకుని పోరాటం మొదలుపెడుతుంది. కారణం తెలియడం వల్ల వైద్యానికి దారి దొరికింది. దాతల ప్లాస్మాలో ఆ ప్రోటీను ఉంటుంది కాబట్టి అది ఎక్కించడం మొదలుపెట్టారు.

తర్వాత మార్కాపురం క్లినిక్కులో డాక్టరమ్మ ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి వివరించారు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువుకు చెడ్డ ప్రతి ఒకటి, మంచి ప్రతి ఒకటి ఉన్నాయి కాబట్టి వాళ్ళకు జబ్బు లేదు. బిడ్డకు రెండు వైపుల నుంచీ చెడ్డదే వస్తే జబ్బు. అది నలుగురిలో ఒకరికి అన్నారు. మా దగ్గర అందుకు ఒక అచ్చు బొమ్మ ఉండేది. పైన తల్లి, తండ్రి. కింద నలుగురు పిల్లలు, అందులో ఒకరికి నల్ల రంగు. గురవయ్య ఆ బొమ్మను చాలాసేపు చూసి, అర్థమైందని తల ఊపాడు. మిగతా ముగ్గురు పిల్లలకూ రక్తపరీక్ష చేయాలని, నేను ఇంటికే వస్తానని చెప్పి పంపాం.

చెప్పిన రోజున వెళ్ళాను. మగపిల్లలిద్దరూ చేతులు చాపారు. అంజలి దగ్గరికి వచ్చేసరికి గురవయ్య అడ్డుపడ్డాడు. సూది చూసి ఆ పిల్ల ఏడుస్తోందనుకున్నాను గానీ అతని కారణం వేరు.

"నలుగురిలో ఒకరికని మేడమే చెప్పింది గదన్నా. ఆ ఒకటీ నా శ్రావణి మీద పడింది. వాటా తీరిపోయినాక ఇంక చిన్నదానికి సూది ఏంది? వీళ్ళు పెద్దోళ్ళు, ఓర్చుకుంటారని ఇప్పించినా."

అతని మందకు మేత భూమి ఇచ్చిన ఆసామితో ఒప్పందం అలాంటిదే. పుట్టిన ప్రతి నాలుగు గొర్రెపిల్లల్లో ఒకటి ఆసామి పట్టుకుపోతాడు. అది పోయాక మిగతా మూడింటి జోలికి ఎవరూ రారు. మా బొమ్మను అతను ఆ ఒప్పందంలాగే చదువుకున్నాడు. జబ్బు తన వంతు తీసుకుపోయింది, ఇక మిగిలినవాళ్ళు తనవాళ్ళు.

అంజలి బుగ్గల మీద ఎరుపు నాకు కనిపిస్తూనే ఉంది. మంద వెంట ఎండలో తిరిగి కందిందన్నాడు. చెవిలో చీము తరచూ కారుతోందని లక్ష్మమ్మ చెప్పింది. పరిశోధనలో నియమం ఏమిటంటే, వద్దన్నవాళ్ళను ఒత్తిడి చేయకూడదు. అయితే విషయం తప్పుగా అర్థమై వద్దంటే మరొకసారి వివరించవచ్చు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. వివరించండి, ఒప్పించే ప్రయత్నం మాత్రం వద్దన్నారు.

దొడ్డి దగ్గర చూలు గొర్రె ఒకటి కట్టేసి ఉంది. పోయిన ఈతలో అది ఏ పిల్లను వేసిందని గురవయ్యను అడిగాను. పొట్టేలు పిల్లని అన్నాడు. అయితే ఈసారి ఆడపిల్ల ఖాయం కదా అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు.

"అదెట్లన్నా? ఏ ఈతకు ఆ ఈతే. పోయినసారి సంగతి ఈ కడుపుకేం తెలుసు?"

మీ ఇంట్లోనూ అంతే అన్నాను. నలుగురిలో ఒకరు అన్నది ఇంటి మొత్తానికి కట్టిన వాటా కాదు. ప్రతి కానుపుకూ విడిగా వేసే లెక్క. శ్రావణికి వచ్చిన సంగతి అంజలి పుట్టుకకు తెలియదు. అలాంటి ఇంట్లో నలుగురిలో ఎవరికీ రాకపోవచ్చు, నలుగురికీ రావచ్చు. ఏది జరిగిందో చూస్తేనే తెలుస్తుంది.

అరుగు మీద నుంచి సుబ్బమ్మ అందుకుంది.

"మందలో పొట్టేలును మాత్రం మారుస్తానే ఉంటాడు నాయనా, తండ్రీబిడ్డా కలవగూడదని. ఇంట్లోకి వచ్చేతలికి అక్క కూతురు కావాల్సి వచ్చినాది."

"ఇచ్చింది నువ్వు గాదా అక్కా?"

"నేనే ఇచ్చుకున్నా. అందుకే చెప్తాండా, చిన్నదాని చెయ్యి చాపు."

ఇక్కడ ఒక మాట చేర్చాలి. మేనమామకూ మేనకోడలికీ పుట్టిన బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఆ ప్రతి చెడ్డదై ఉంటేనే చిక్కు. అలాంటి పెళ్ళిళ్ళలో ఆరోగ్యంగా పుట్టే పిల్లలే ఎక్కువ. ఆ సంగతి సుబ్బమ్మకు ఆ రోజే చెప్పాను. ఆమె విన్నది గానీ, ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు.

గురవయ్య అంజలిని తానే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముఖం తన భుజానికి ఆనించుకున్నాడు. రక్తం తీసి, లక్ష్మమ్మ రక్తం కూడా మళ్ళీ తీసి, పక్కపక్కనే మంచులో పెట్టాను. ఫలితాలు వచ్చాయి. మగపిల్లలిద్దరివీ బాగున్నాయి. తల్లిదీ బాగుంది. అంజలిది సున్నా.

ఆ పిల్లకు ఇంకా ఫిట్స్ రాలేదు, మూత్రంలో ప్రోటీను పోవడం లేదు, అంటే మూత్రపిండాలకు ఇంకా దెబ్బ తగల్లేదు. జ్వరం వస్తే ఇంటి వైద్యంతో ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తేవాలని, ఎండకు తిప్పవద్దని చెప్పి, టీకాలు పూర్తి చేయించి, డాక్టర్లు మాత్రలు మొదలుపెట్టారు. నేను పని మానే నాటికి శ్రావణికి ప్లాస్మా క్రమంగా ఎక్కుతోంది, జ్వరాలు తగ్గాయి. అంజలి బడిలో చేరింది.

మా అచ్చు బొమ్మను మార్పించాం. కొత్త దాంట్లో నలుగురు పిల్లలు లేరు. ఒకే బిడ్డ, ఆ బిడ్డకు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఏవి రావచ్చో బాణం గుర్తులు. ప్రతి కానుపుకూ ఇదే లెక్క అని కింద ఒక వాక్యం.

చివరిసారి కలిసినప్పుడు గురవయ్య, "నీ లెక్కే నిజమైందన్నా" అన్నాడు. కాదని చెప్పాను. అంజలికి జబ్బు లేదని తేలినా ఆ లెక్క అంతే సరైనదిగా ఉండేది, ఆ రోజు సూది వేయడమూ అంతే సరైన పని అయ్యేది. అది అతనికి ఎంతవరకు అందిందో తెలియదు. నాకు మాత్రం ఆ ఇల్లు నేర్పింది ఇదే. అవకాశం గురించి చెప్పే అంకె ఏం జరుగుతుందో చెప్పదు. చూడకుండా వదలకూడదని మాత్రమే చెబుతుంది.