ఆరు గుర్రాలు, ఒక సంబంధాల ఆంటీ

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువే. కాకపోతే ఆ రోజుల్లో అది అప్పుడప్పుడూ వచ్చి, రెండు రోజులుండి వెళ్లిపోయే చుట్టంలా ఉండేది. పాప పుట్టాక పెట్టే బేడా సర్దుకుని మా ఇంట్లోనే దిగిపోయింది. టీపాయ్ నాలుగు మూలలకూ స్పాంజి అతికించాను. మెట్లకు పైన ఒక గేటు, కింద ఒక గేటు పెట్టించాను. ("ఇక గోడలకి బొంతలు కట్టడమొక్కటే మిగిలింది" అంటారు మావారు. ఆ ఆలోచన నాకు ముందే వచ్చిందని ఆయనకు చెప్పలేదు.) ఇంత భయస్తురాలిని, కెనడాలో నా మొట్టమొదటి ఉద్యోగంలో, సముద్రం అవతల ఇంగ్లండులో జరిగే పందాల్లో ఏ గుర్రం గెలుస్తుందో లోకానికి చెప్పానంటే మీరు నమ్మరు. పాపను నిద్రపుచ్చి కూర్చుని తలుచుకుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

అప్పటికి నేను దగ్గర్నుంచి చూసిన గుర్రం ఒక్కటే. మా మేనమామ పెళ్లి ఊరేగింపులో. అది కూడా నా కొత్త పట్టు లంగా మీద తుమ్మింది. గుంటూరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, ఇక్కడికొచ్చి ఇంకో ఏడాది చదివి, ఎన్ని చోట్ల అప్లై చేసినా "కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా?" అనే అడుగుతుంటే, ఉద్యోగమే ఇవ్వకపోతే అది ఎక్కడ దొరుకుతుందో తెలియక తిరుగుతున్న రోజుల్లో టొరంటోలో ఆరుగురున్న ఒక చిన్న ఆఫీసు నన్ను తీసుకుంది. ఇంగ్లండు, ఐర్లండుల్లో గుర్రాలు మామూలుగా పరుగెత్తడం కాక, దారిలో కొమ్మలతో కట్టిన నడుమెత్తు కంచెలు దూకుతూ పరుగెత్తే పందాలుంటాయి. ఆ రోజు ఏ పందెంలో ఏ గుర్రానికి అవకాశం ఉందో ముందే విశ్లేషించే ప్రివ్యూలు రాసి, రకరకాల వెబ్‌సైట్లకు పంపడం ఆ ఆఫీసు పని. పట్టికల్లో అంకెలు సరిచూడటం నా పని. మూడు నెలల ప్రొబేషన్. అది గట్టెక్కితే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే హక్కుకి, అప్లై చేసుకోవచ్చు. గట్టెక్కకపోతే వర్క్ పర్మిట్‌లో మిగిలిన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడమే, అదీ ఒక్క చేతి వేళ్ల మీదే.

ప్రొబేషన్ చివరి శుక్రవారం నేను టొరంటో పక్కనున్న మిల్టన్‌లో ఇంటి నుంచి పనిచేస్తున్నాను. మా బాస్ ఫోన్ చేసింది. (మనసులో ఆమెకు నేను పెట్టుకున్న పేరు హెడ్మాస్టరమ్మ.) ప్రివ్యూలు రాసే ఐరిష్ పెద్దాయనకు జ్ఞానదంతం పీకారట, నోరు వాచి, మందుల మత్తులో పడుకున్నాడట. ఎండాకాలంలోనూ కోటు విప్పడు కాబట్టి ఆయన నాకు కోటు తాత. "రేపటి ఆరు పందాలకూ నువ్వే రాయి. పట్టికలు రోజూ చూస్తున్నావుగా! సాయంత్రం ఏడింటికల్లా నాకు కావాలి. నీ ప్రొబేషన్ సంగతి సోమవారం మాట్లాడుకుందాం" అంది. ఆ చివరి రెండు వాక్యాలకూ సంబంధం ఉందో లేదో ఆవిడ చెప్పలేదు. ఉందనే నేను లెక్కేసుకున్నాను.

నేనుండేది ఒక టౌన్‌హౌస్ బేస్‌మెంట్లో. పైన ఇంటివాళ్లు, రిటైరైన డాక్టర్ అంకుల్, ఆంటీ. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలకు సంబంధాలు చూడటం ఆంటీకి ముప్పై ఏళ్ల అలవాటు. మిల్టన్ నుంచి రిచ్‌మండ్ హిల్ దాకా ఎవరి బయోడేటా అయినా ఆవిడ నీలం ఫైల్లో ఉండి తీరుతుంది. (నాది కూడా ఉండేది, నాకు తెలియకుండా.) కాగితాలు ప్రింట్ తీసుకుని పైన వంటింటి టేబుల్ మీద పరిచి, తల పట్టుకుని కూర్చున్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆంటీ కళ్లజోడు పెట్టుకుని ఒక కాగితం లాక్కున్నారు.

"వయసు ఏడు. రంగు ఇచ్చారు. తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి వాళ్ల నాన్న పేరు కూడా ఇచ్చారు. పెంచినవాళ్లెవరో ఇచ్చారు. ఇది బయోడేటానే కదే! దీనికా ఏడుస్తున్నావు? ఎత్తెంత?"

"ఎత్తు ఇవ్వరు ఆంటీ."

"ఇవ్వలేదంటే పొట్టివాడే. ఈ పక్కన బరువేంటి?"

"బాగా పరుగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. అన్నిటికీ సమానంగా అవకాశం ఉండాలని."

"మా అత్తగారింట్లో నాకూ ఇదే పద్ధతి" అన్నారు ఆంటీ, చిక్కుడుకాయ ఫట్టున విరుస్తూ.

హాల్లోంచి అంకుల్ దగ్గారు. వాళ్లమ్మ ప్రస్తావన వస్తే ఆయనకు దగ్గు వస్తుంది.

అలా మధ్యాహ్నమంతా ఆంటీ చెప్పడం, నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టడం. 'మంచి కుటుంబం. తండ్రికి ఆ ప్రాంతంలో గొప్ప పేరు. కుర్రాడు నెమ్మదస్తుడు, తొందరపాటు లేదు.' 'ఇతను రెండేళ్లలో ముగ్గురు శిక్షకుల దగ్గరికి మారాడు. నిలకడ లేని మనిషి. ఎందుకు మారాడో విచారించుకోవడం మంచిది.' నాలుగో పందెంలో ఒక ఎర్రగుర్రం ఆంటీకి ఎంత నచ్చిందంటే, 'ఈ వంశం వర్ధిల్లుతుంది, ఇతని సంతానం కోసం రేపు జనం వరస కడతారు' అని నా చేత రాయించారు. రాయించడం వరకే ఆవిడది. గుర్రాన్ని ఎంచడం మాత్రం నా చదువుది. నా సూత్రం చాలా తేలిక: ఇప్పటివరకు ఒక్కసారైనా కంచె దగ్గర పడిన గుర్రాన్ని జాబితాలోంచి కొట్టెయ్యడం. కంచెలు దూకే పందెంలో పడని గుర్రమే కదా గెలిచేది! ఐదు పందాలు అలాగే తేలిపోయాయి. ఆరోదాని దగ్గర ఆంటీ నా పెన్ను పట్టుకుని ఆపారు.

"వీణ్ణెందుకు కొట్టేస్తున్నావు?"

"రెండుసార్లు పడ్డాడు ఆంటీ."

"పడితే పడ్డాడు. పడ్డాక ఏం చేశాడు?"

చూశాను. రెండోసారి పడిన మూడు వారాలకే మళ్లీ పరుగెత్తి మూడో స్థానంలో వచ్చాడు. ఆ తరవాత రెండో స్థానం.

"నేను పెళ్లిళ్లు కుదిర్చేటప్పుడు అదే చూస్తానమ్మాయ్. ఒక్కసారీ దెబ్బ తినని పిల్లాడంటే నాకే భయం. ఎప్పుడు తింటాడో, తిన్నాక ఏమవుతాడో ఎవరికి తెలుసు! వీణ్ణి రాయి."

అప్పటికి ఆరూ నలభై. వాదించే టైం లేక రాసేశాను.

ఇంగ్లండులో మధ్యాహ్నమంటే మనకు పొద్దున్నే. శనివారం ఇడ్లీలు తింటూ ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. మొదటి పందెం. ఎన్నడూ పడని నా నెమ్మదస్తుడు మొదటి కంచె దాకా హాయిగా వచ్చి, దాన్నొకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, ఆగిపోయాడు. రౌతు ఎంత బతిమాలినా కదల్లేదు.

"పిల్లను చూడ్డానికి వచ్చి వాకిట్లోనే నిలబడిపోయాడేంటే!" అన్నారు ఆంటీ.

రెండో పందెంలో నా గుర్రం క్షేమంగా, అందరికంటే వెనకాల, ఇంచుమించు ఒంటరిగా ఇల్లు చేరింది. మూడోదాంట్లో గుర్రం పడలేదు, రౌతు పడ్డాడు. (గుర్రాలు పడటమే లెక్కపెట్టాను కానీ మనుషులు పడటం నా పట్టికలో లేదు.) నాలుగోదాని ముందు ఫోన్ మోగింది. కోటు తాత. నోరు వాచి మాట ముద్దగా వస్తోంది. మధ్యమధ్య మూలుగుతున్నాడు. నొప్పి అనుకున్నాను, తీరా వింటే నవ్వు.

"అమ్మాయీ, ఆ ఎర్రగుర్రం సంతానం గురించి రాశావు చూడు..."

"అవునండీ."

"దానికి పిల్లలు పుట్టరమ్మా. చిన్నప్పుడే ఆపరేషన్ చేసేశారు. ఈ పందాల్లో మగ గుర్రాలు దాదాపు అన్నీ అంతే. నన్ను నవ్వించకు, కుట్లు తెగుతాయి."

ఫోన్ పెట్టేసి, నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండగా విషయం చెప్పాను. ఆంటీ చెంచా కింద పెట్టేశారు.

"చూశావా! ఇలాంటివే దాస్తారు! తాత పేరు దాకా రాసినవాళ్లకి ఈ ముక్క పెద్దక్షరాల్లో రాయడానికి ఏం వచ్చింది?"

"మెడికల్ రిపోర్ట్ అడగమని ముప్పై ఏళ్లుగా చెప్తున్నాను. నా మాట ఎవరు వింటారు?" అన్నారు అంకుల్, రిటైరయ్యాక మొదటిసారి విజయగర్వంతో.

నాకు మాత్రం నవ్వు రాలేదు. హెడ్మాస్టరమ్మ మొహమే కళ్ల ముందు కనిపిస్తోంది. నాలుగోది పోయింది, ఐదోదీ పోయింది. చివరికి ఆంటీ గుర్రం. సగం దూరంలో ఒక కంచెకు కాలు తగిలి, ముక్కు నేలకు ఆనేంత ఒరిగిపోయింది. రౌతు దాని మెడ పట్టుకుని వేలాడాడు. నేను కళ్లు మూసుకున్నాను. "లేచాడే! కళ్లు తెరువు, లేచాడు!" అని ఆంటీ చట్నీ గరిటె పట్టుకుని అరుస్తున్నారు. తెరిచేసరికి అది ఒక్కో గుర్రాన్నీ దాటుకుంటూ వచ్చి, వచ్చి, మెడంత తేడాతో రెండో స్థానంలో ఆగింది.

ఆరుకు ఆరూ పోయాయి. నేను సోఫాలో కూలబడ్డాను.

"ఏడుస్తావెందుకే, రెండో స్థానమంటే ఎంగేజ్‌మెంట్ దాకా వచ్చినట్టే కదా!" అన్నారు ఆంటీ.

సోమవారం మిల్టన్ నుంచి టొరంటో దాకా ట్రైన్లో క్షమాపణలు బట్టీ పట్టాను. ఆఫీసులో హెడ్మాస్టరమ్మ ముందు రెండు కాగితాల కట్టలు. కోటు తాత బుగ్గ పట్టుకుని ఓ మూల కుర్చీలో కూర్చున్నాడు.

"ఆరింట్లో సున్నా" అందావిడ.

"అవునండీ. నన్ను క్షమించండి, నేను..."

"ఇవి పాఠకుల ఉత్తరాలు. ఒకాయన రాశాడు, 'మీరు చెప్పిన ఆరూ ఓడిపోయాయి, ఈ అమ్మాయి మళ్లీ ఎప్పుడు రాస్తుంది?' అని. మిగతావీ ఇంచుమించు ఇదే. చూడమ్మా, తప్పు చెప్పేవాళ్లు నా ఆఫీసులో ముందు నుంచీ ఉన్నారు." కోటు తాత గోడ గడియారం వైపు చూశాడు. "చివరిదాకా చదివించేవాళ్లే లేరు." రెండో కట్ట నా వైపు తోసింది. ఉద్యోగం ఖాయం చేసిన కాగితాలు. షరతు ఒక్కటే: ఏ గుర్రం సంతానం గురించీ రాయకూడదు.

బయటికొచ్చాక కోటు తాత అన్నాడు, "ఆ చివరిది తప్ప, అన్నీ పడని గుర్రాలనే ఏరుకున్నావు. అవెందుకు పడలేదో చూశావా? వెనకాల తీరిగ్గా వస్తాయి, పడేంత వేగం ఎక్కడిది? గెలుద్దామని దూకేదే పడుతుంది." ఆ తరవాత రెండేళ్లు అక్కడ రాశాను. ఆంటీని అడగకుండా ఒక్క ప్రివ్యూ పంపలేదు. (ఆ మరుసటేడు ఆవిడ నీలం ఫైల్లోంచి కనాటా అనే ఊళ్లో ఉండే అబ్బాయి బయోడేటా ఒకటి తీశారు. ఉద్యోగం దగ్గర 'ఆరు నెలల క్రితం పోయింది' అని నిజాయితీగా రాసి ఉంది. "పోయాక ఏం చేశాడు ఆంటీ?" అనడిగాను. ఇంటర్వ్యూలకు తిరుగుతూ, పొద్దున్నే ఒక కేఫ్‌లో కాఫీలు పోశాడట. అయితే కలుద్దామన్నాను. మెడికల్ రిపోర్ట్ మాత్రం అంకుల్ పట్టుబట్టి తెప్పించారు.)

ఇవాళ సాయంత్రం పాప టీవీ దగ్గరికి పోకుండా సోఫా దిండ్లు వరసగా అడ్డం పెట్టాను. అది వాటిని చూసి చప్పట్లు కొట్టి, మొదటిది దాటింది, రెండోది దాటింది, మూడోదాని మీద బోర్లా పడింది. నేను సగం లేచాను. మావారు చెయ్యి పట్టుకుని, "ఆగు, ఏం చేస్తుందో చూద్దాం" అన్నారు. మేం చూస్తున్నామేమోనని అది తలెత్తి చూసింది. ఇద్దరం సీలింగ్ ఫ్యాన్ కేసి చూశాం. కాసేపటికి గుంజుకుని లేచి, గుండ్రంగా తిరిగొచ్చి, మళ్లీ ఆ మూడో దిండు మీదికే బయల్దేరింది.

మిల్టన్ వంటింట్లో టేబుల్ ముందు కూర్చుని, పడినవాళ్లందరినీ వరసగా కొట్టేసిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది. పెన్ను ఎంత గట్టిగా పట్టుకునేదో, తన లెక్క మీద ఎంత నమ్మకమో! ఇవాళ ఒక్కరోజే పాప పడటాలు నేను చూసినవి పదకొండు. ఆ పట్టికలో గనక దాని పేరుంటే, మొదటి గీత మా పాప మీదే గీసి ఉండేదాన్ని.