గొంతు పోయిన గైడు

చిక్కడపల్లిలోని మా గల్లీవాళ్లం చిన్న వ్యానులో విశాఖ చూస్తున్నాం. లైట్‌హౌస్ దాటేసరికి గైడు గొంతు పూర్తిగా పోయింది. దాంతో మా పక్కింటి అన్న అతని పక్కన చేరి, అతను చెవిలో చెప్పిందల్లా మాకు గట్టిగా చెప్పసాగాడు. అన్న సిటీబస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

"గిది హార్బరు. చూసినోళ్లు ఎక్కుండ్రి, జల్ది!"

పడవలనైనా సరిగ్గా చూడనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఇంత దూరమొచ్చినా సిటీబస్సు తొందరేంది వదినా?" అన్నాను ఆయన భార్యతో.

"నాకు చెప్తున్నవా? పెండ్లయిన కాన్నుంచి గిదే లొల్లి," అంది వదిన.

చివరికి బీచ్‌కి చేరాం. వదిన సముద్రం చూడటం అదే మొదటిసారి. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అల రాగానే కేక పెట్టి వెనక్కి ఉరుకుతోంది, అది పోగానే మళ్లీ ముందుకు వెళ్తోంది.

గైడు వాచీ చూసుకుని అన్న చెవిలో ఏదో అన్నాడు. ఇక కేక పడుతుందని నేను చెప్పులు వేసుకున్నాను. అన్న మాత్రం వదిన వైపే చూస్తున్నాడు.

"ఏమంటుండన్నా? టైమైందంటనా?"

"లేదు," అన్నాడు. "ఇంక జరసేపు ఉండుమంటుండు."