మా బాపు చేసిన రేకుపెట్టె

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా బాపు ఓదెలు గురించి నేను మంచి చాలానే చెప్పగలను. కానీ ఆ రేడియో పెట్టె మాట వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు ఆ మంట సంగతే చెప్తాను. మంచి ఏమైనా మిగిలితే చివర్లో చూద్దాం.

బాపు పదహారేళ్ల వయసులో కరీంనగర్ పక్క పల్లె నుంచి పట్నం వచ్చాడు. యాకుత్‌పురాలో ఒక రేకుల దుకాణంలో గరాటాలు, కిరసనాయిలు డబ్బాలు చేయడం నేర్చుకున్నాడు. తర్వాత బస్సులకు బాడీలు కట్టే వర్క్‌షాపులో కుదిరాడు. రేకు ఎక్కడ మడవాలో, ఎక్కడ దెబ్బ వేయాలో గీత గీయకుండానే ఆయనకు తెలిసేది. అక్కడ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఇంట్లో మేమూ అలాగే అనాలని ఆయన కోరిక. మేము అనలేదు గానీ భయపడ్డాం. ఆయన దానితోనే సరిపెట్టుకున్నాడు.

సాయంత్రం గల్లీ మలుపు తిరగగానే సైకిల్ గంట మూడుసార్లు కొట్టేవాడు. ఉస్తాద్ వస్తున్నాడహో అన్నట్టు. ఆ గంట వినగానే మా అమ్మ కళావతి పాట ఆపేసేది. అమ్మకు పని చేసుకుంటూ పాడటం అలవాటు. బియ్యం చెరిగినా, గిన్నెలు తోమినా నోట్లో పాట ఉండాల్సిందే. అన్నీ మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు బాపు డ్యూటీ నుంచి వచ్చి, "పొద్దంత సుత్తెల సప్పుడే. ఇంటికొస్తె మల్ల నీ లొల్లి ఏందే?" అన్నాడట. అంతే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బాపు ఇంట్లో ఉండగా అమ్మ గొంతెత్తలేదు. ఆ మాట అన్నట్టు బాపుకు గుర్తే లేదు. అమ్మకు మాత్రం ఆ రోజు ఏ కూర వండిందో కూడా గుర్తుంది.

1977లో మా ఇంటికి రేడియో వచ్చింది. నాలుగు పెద్ద సెల్లులతో నడిచే ట్రాన్సిస్టర్, తోలు కవరు, భుజానికి తగిలించుకునే పట్టీ. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాలి. ఆ చిన్న పుస్తకం మీద బాపు పేరు రాశారు. ఇక చూడండి.

"లైసెన్సు ఎవని పేరు మీదున్నది? నా పేరు మీద. దాని చెవులు నేనే తిప్పాలె. ఇంకెవల చెయ్యి పడ్డా బాగుండది," అన్నాడు.

ఒకరోజు బాపు డ్యూటీలో ఉన్నప్పుడు నేను సినిమా పాటల కోసం ముల్లు జరిపాను. మళ్లీ యథాస్థానంలో పెట్టాననుకున్నాను. సాయంత్రం బాపు వార్తల కోసం పెడితే ఎవరో అరవంలో మాట్లాడుతున్నారు. మూడు రోజులు ఇంట్లో లొల్లి. నాలుగో రోజు బాపు రేకు తెచ్చి పెట్టె చేయడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పొద్దూ, ఆ పెట్టె అందంగా ఉండేది. అంచులన్నీ లోపలికి మడిచాడు, వేలు పెట్టినా గీరుకోదు. ముందువైపు తలుపు, ఆ తలుపుకు పువ్వు ఆకారంలో చిన్న చిన్న బెజ్జాలు, శబ్దం బయటికి రావడానికి. దానికో తాళం. తాళంచెవి బాపు మొలతాడుకు. పెట్టెను చూడటానికి గల్లీకి గల్లీ అంతా వచ్చింది. వచ్చినవాళ్లందరి ముందూ బాపు రేడియోను లోపల పెట్టి చెవి తిప్పాడు. కాస్త మెల్లగానైనా పలికింది. తలుపు మూశాడు. గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. గుర్రుమని చప్పుడు మిగిలింది.

అక్కడి నుంచి మొదలైంది మా పీడ.

ముందు సెల్లులు పోయాయన్నాడు. వాటిని గోడ మీద వరసగా ఎండబెట్టి, కాకులు తన్నుకుపోకుండా నన్ను కాపలా పెట్టాడు. తర్వాత సెల్లులు తగిలే చోట చిలుం పట్టిందని గరుకు కాగితంతో రుద్దాడు. స్ప్రింగు వదులైందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి దూర్చాడు. రేడియో ఒళ్లో ఉన్నంతసేపూ చక్కగా పాడేది. పెట్టెలో పెట్టి తలుపు మూస్తే మూగనోము. దాని వీపు మీద రెండు చరిచేవాడు, తర్వాత మా మీద అరిచేవాడు. నాకు అప్పుడు పదహారేళ్లు. రేడియో తిన్న దెబ్బల్లో సగం నాకే తగిలినట్టు ఉండేది.

రైల్వే స్టేషన్ దగ్గర వైకుంఠం అని రేడియో మెకానిక్ ఉండేవాడు. బాపు రేడియోను తువ్వాలలో చుట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. దుకాణంలో బల్ల మీద పెట్టగానే అది గంట సేపు నిరాటంకంగా పాడింది.

"దీంట్ల ఏం లేదన్నా. మస్తుగున్నది," అన్నాడు వైకుంఠం.

ఇంటికి తెచ్చి పెట్టెలో పెడితే మళ్లీ గుర్రు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లాడు. మళ్లీ పాడింది. "ఇంట్ల ఏం జేస్తున్నవే దీన్ని?" అని వైకుంఠం అడిగాడు. "ఏం జేస్త? వార్తలు పెట్టుకొని ఇంట," అన్నాడు బాపు. పెట్టె మాట ఆయన ఎత్తలేదు, వైకుంఠం అడగలేదు. ఇంటికొచ్చి, "వాడు చోర్ గాడు. దుకాణంల ఏదో మంత్రం ఏస్తడు," అని తిట్టాడు. పాపం వైకుంఠం ఒక్క పైసా కూడా తీసుకోలేదు.

రేడియో కదిలినప్పుడల్లా లోపల ఏదో వైరు వదులవుతోందని చివరికి తేల్చాడు బాపు. పెట్టె నిండా పాత గుడ్డలు కూరాడు. తలుపు మెల్లగా పడాలని వర్క్‌షాపు నుంచి బస్సు కిటికీ రబ్బరు ముక్క తెచ్చి అంచు చుట్టూ అతికించాడు. ఇప్పుడు తలుపు మూస్తే ఆ గుర్రు కూడా సరిగ్గా వినపడేది కాదు.

అమ్మ ఒక్కసారే నోరు తెరిచింది. "బయట ఉంటె పలుకుతున్నది, పెట్టెల పెడితె బందైతున్నది. పెట్టె తీసేసి సూడరాదయ్యా?"

"రేకు సంగతి నాకు జెప్తున్నవా? ముప్పై ఏండ్ల సంది రేకు కొడ్తున్న. రేకుకు, రేడియోకు ఏం సంబంధమే?" అన్నాడు బాపు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇంట్లో అందరికంటే ముందు రోగం కనిపెట్టిన మనిషిని అలా నోరు మూయించాడు. ఇది తలచుకుంటేనే నాకు కోపం వస్తుంది.

ఆ మరుసటి ఏడాదే అసలు సంగతి జరిగింది. అమ్మ సంతోష్‌నగర్‌లో మహిళా మండలికి కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్లేది. ఒకరోజు రేడియో స్టేషన్ నుంచి ఒకావిడ టేపు మిషను తీసుకుని అక్కడికి వచ్చింది. స్త్రీల కార్యక్రమానికి పల్లె పాటలు కావాలంది. పక్కనున్న ఆడవాళ్లు అమ్మను ముందుకు తోశారు. అమ్మ మా అమ్మమ్మ నేర్పిన నాట్ల పాట మొత్తం పాడింది. చినుకు పడక నారు ఎండిపోతుంటే ఒక పిల్ల మబ్బును పేరు పెట్టి పిలుస్తుంది, అదీ పాట. ఆవిడ తొందరలో ఉండి టేపు తిరిగి వినిపించకుండానే వెళ్లిపోయింది. పది రోజులకు కార్డు వచ్చింది. వచ్చే బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పాట వస్తుందని.

"నా గొంతు ఎట్లుంటదో నాకే ఎర్కలేదు బిడ్డా," అంది అమ్మ ఆ కార్డు పట్టుకుని. "ఒక్కసారన్న ఇనాలె." అమ్మ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి.

బాపు ఆ కార్డును జేబులో పెట్టుకుని వర్క్‌షాపు అంతా తిప్పాడు. "మా ఇంటిది రేడియోల పాడుతున్నది" అని కనపడ్డవాడికల్లా చెప్పాడు. బుధవారం సగం రోజు సెలవు పెట్టాడు. కొత్త సెల్లులు కొన్నాడు. ఏం పాట పాడావని మాత్రం అమ్మను అడగలేదు.

పక్క వాటాలో నాగమణిగారు ఉండేవారు. వాళ్లాయన ఆఫీసు ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చిన మనిషి. వాళ్లింట్లో కరెంటు మీద నడిచే పెద్ద రేడియో ఉంది. "అన్నయ్యగారూ, అందరం మా ఇంట్లో కూర్చుని విందామండీ. బాగా వినపడుతుంది," అన్నారావిడ.

"ఇంట్ల రేడియో పెట్టుకొని పొరుగింటికి పోవుడేందమ్మా? మా ఇంటిది పాడుతుంటె మా ఇంట్లనే మోగాలె. మీరే రాండ్రి," అన్నాడు బాపు.

బుధవారం ఒంటిగంటకల్లా ఎనిమిది మంది ఆడవాళ్లు మా చాప మీద కూర్చున్నారు. అమ్మ స్నానం చేసి, ట్రంకుపెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "బాపూ, ఇయ్యాలొక్కనాడు పెట్టె వద్దే," అన్నాను. "గింతమంది వచ్చిండ్రు, ఎవలన్న చెయ్యి పెడితె?" అని కళ్లెర్రజేశాడు. ఎనిమిది మంది పెద్దవాళ్లు దొంగల్లా కనపడ్డారు ఆయనకు.

ఒంటిగంటన్నర అయింది. పెట్టెలోంచి ఈగ మూలిగినట్టు చప్పుడు. బాపు తాళం తీసి, సెల్లులు పీకి, లుంగీకి తుడిచి మళ్లీ వేశాడు. చెవి తిప్పగానే స్పష్టంగా వినపడింది: "ఇప్పుడు యాకుత్‌పురా కళావతి పాడిన నాట్ల పాట."

"ఆ! అయిపాయె!" అని బాపు తలుపు మూశాడు.

ఆగిపోయింది.

అందరూ ఒక్కసారి అయ్యో అన్నారు. బాపు మళ్లీ తీశాడు. అమ్మ గొంతు, ఒక్క ముక్క. "వైరు లూజున్నది, దొరికింది," అంటూ గుడ్డ అదిమి మళ్లీ మూశాడు. "తలుపు తీసే ఉంచండి అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది," అని నాగమణిగారు మొత్తుకున్నారు. "మీకు తెల్వదమ్మా, జర ఆగుండ్రి," అంటూ బాపు కోపంతో తాళంచెవి గట్టిగా తిప్పాడు. చెవి విరిగి సగం తాళంలోనే ఉండిపోయింది.

అమ్మ లేచింది. మూలనున్న బాపు సంచిలోంచి సుత్తె, ఉలి తీసింది. ఆయన్ను భుజంతో పక్కకు నెట్టింది. తలుపు మడతబందు మీద మూడు దెబ్బలు వేసింది. తలుపు వంకరపోయింది. గుడ్డలన్నీ లాగేసి రేడియోను బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. పాటలో చివరి రెండు చరణాలుండాలి. ఒక్కటే మిగిలింది. అది కూడా సగం. మబ్బు వచ్చిందని ఆ పిల్ల చెప్పే చోటు. తర్వాత మామిడికాయ పచ్చడి బూజు పట్టకుండా ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టారు.

అమ్మ రేడియో కట్టేసింది. అప్పుడు మా బాపు, ఆ మహానుభావుడు, ఏమన్నాడో తెలుసా? "పెట్టె ఎందుకు పలగ్గొట్టినవే?" అన్నాడు.

సుత్తె నా చేతిలో లేకపోవడం ఆయన అదృష్టం.

సాయంత్రం వైకుంఠం, పాట ఎలా ఉందో చెప్దామని ఇంటికొచ్చాడు. దుకాణంలో మొత్తం విన్నాడట. వంకరపోయిన పెట్టెను చూసి నెత్తి కొట్టుకున్నాడు. "గిండ్ల పెడ్తున్నవా అన్నా ఇన్ని దినాలు? గాలిల వచ్చేది, చుట్టూత రేకు కడితె లోపటికి ఎట్ల వస్తది? నాకొక్క మాట చెప్పకపోతివి!" బాపు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. నాకు జాలి కలగలేదు.

పెట్టెను అమ్మ వంటింట్లోకి మార్చింది. ఉల్లిగడ్డలు పోసింది. బెజ్జాల్లోంచి గాలి ఆడేది కాబట్టి ఒక్కటి కూడా కుళ్లలేదు. రేడియో కిటికీలోకి వచ్చింది. ఎవరు చెవి తిప్పినా బాపు ఏమీ అనలేదు.

వారం తర్వాత అన్నం తింటూ బాపు మెల్లగా అన్నాడు. "గా పాట జర పాడవే, ఇనాలె."

"రేడియోల పాడిన గద. ఇనకపోతివి," అంది అమ్మ. పప్పు వడ్డించి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నెలలో ఇంకోసారి అడిగాడు, దసరాకు మరోసారి. అదే జవాబు. సాయంత్రాలు అమ్మ పాడుతూనే ఉండేది. గల్లీ మలుపులో గంట మోగగానే టక్కున ఆపేసేది. బాపు లోపలికొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. పద్దెనిమిదేళ్లుగా అలాగే ఉంది. ఇప్పుడది ఆయనకు మొదటిసారి తెలిసినట్టుంది, గడపలో ఒక క్షణం నిలబడి చూసేవాడు.

చలికాలంలో ఒకరోజు నేను అరుగు మీద కూర్చుని చదువుకుంటున్నాను. లోపల అమ్మ బియ్యం చెరుగుతూ ఆ నాట్ల పాటే పాడుతోంది. సైకిల్ గల్లీలోకి తిరిగింది. గంట మోగలేదు. బాపు దిగి, సైకిల్‌ను గోడకు కూడా ఆనించకుండా పట్టుకుని, కిటికీ పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. పాట అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. హ్యాండిల్ మీద గంట ఉండాల్సిన చోట రెండు స్క్రూల గుర్తులే ఉన్నాయి.

మర్నాడు అమ్మ అడిగింది. "సైకిల్ గంటేమాయె?"

"తుప్పు పట్టింది. తీసేసిన," అన్నాడు బాపు తల ఎత్తకుండా.

రేకుల ఉస్తాద్ గంటకు తుప్పు! అమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం గల్లీలో సైకిల్ చైను కిర్రుమంది. అమ్మకు వినపడింది, నాకు తెలుసు, చేతిలో చేట ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది. పాట ఆపలేదు. కిటికీ వైపు కొంచెం జరిగి, గొంతు కాస్త పెంచింది.