ఆర్‌ను వదలనంటే వదలను

పోయిన సోమవారం మా బళ్లో నా పరువు ఎట్లా పోయిందో చెప్తా, నవ్వుకోండి. కానీ నేను చెప్పిన మాట మాత్రం తప్పు కాదప్పా!

బత్తలపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేండ్లుగా పదో తరగతికి ఇంగ్లీషు చెప్తాండా. ముందు వారం కరస్పాండెంట్ సార్ పిలిచి, "మేడం, బెంగుళూరు నుంచి స్పోకెన్ ఇంగ్లీష్ కన్సల్టెంట్ వస్తాండారు. కార్, వాటర్ అని చివర్లో ఆర్ అంత గట్టిగా పలికితే ఒప్పుకోరంట. మార్చుకోకుంటే మిమ్మల్ని ఒకటో తరగతికి వేస్తాం" అన్నాడు.

ఒకటో తరగతా? నేనా? ఒళ్లు మండిపోయింది. రెండు దినాలు ఫోన్లో వెతికి వెతికి చదివినా. చూస్తే ఏముండాది! ఒకప్పుడు ఇంగ్లండోళ్లు గూడా ఆ ఆర్‌ను మన మాదిరే పలికేటోళ్లంట! ఆ పలుకుతోనే అమెరికాకు పోయినోళ్ల వంశంలో శానామంది ఇప్పటికీ పలుకుతాండారు. ఇంగ్లండులోనే మెల్లగా వదిలేసినారు. వాళ్లు పారేసుకుంటే తప్పు నాదా?

సోమవారం ఆఫీసు రూములోకి పోతే ఒకాయన. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, సెంటు వాసన. ఈయనే కన్సల్టెంట్ అనుకున్యా. పక్క కుర్చీలో నూలు చీర కట్టుకోని ఒకామె. "అడ్మిషన్లకైతే బయట కూచోమ్మా" అని ఆమెను లేపి పంపించినా.

ఇంక ఆయన్ని పట్టుకున్యా. "ఏం సార్, మీ ఇంగ్లండోళ్ల తాతలు పలికిందే మేం పలుకుతాండాం. అది తప్పెట్లయితాది?" పది నిమిషాలు దంచినా. పాపం, తల ఊపుతానే ఉన్నాడు.

"మీరు చెప్పేది న్యాయమే మేడం."

"అయితే కరస్పాండెంట్ సార్‌కు చెప్పండి!"

"చెప్తాలే మేడం. ముందు మీ బోరు మోటరు యాడుండాదో చూపిస్తే, చూసేసి పెండ్లికి పోతా."

మోటరు మెకానిక్కు! వెనక్కి తిరిగితే నూలు చీరామె వాకిట్లోనే నిలబడి అంతా వినింది. "నేనే కన్సల్టెంట్‌ని. మీరు చెప్పిన చరిత్ర కరెక్టే మేడం" అనింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ వచ్చిందెవరో అడక్కుండానే బయటికి పంపే టీచర్‌కి స్పోకెన్ ఇంగ్లీష్ ఎట్లా అప్పజెప్పేది?"

మంగళవారం నుంచి నాకు ఒకటో తరగతే. అయితే ఏమి! ఈ పొద్దు ఆర్ అక్షరం దాకా వచ్చినాం. నలభై మంది పిల్లోళ్లు "ఆర్ర్ర్!" అని అరిస్తే హైవే దాకా వినపడింది. ఎవరొచ్చి మార్పిస్తారో చూస్తా! నేను మాత్రం వాళ్లతో పాటు అరుస్తా, వరసగా వాళ్ల ముక్కులు తుడుస్తాండా.